వెదురు, జామాయిల్ కలిపి ఉడికిస్తే రిజెక్ట్స్ ఎక్కువ, కప్పా నిలవట్లేదు. నిష్పత్తి మార్చాలా, కుక్ మార్చాలా?

ఉప్పల్_పల్ప్

ఎంటెక్ ప్రాజెక్టు కోసం వెదురు, జామాయిల్ మిశ్రమంతో క్రాఫ్ట్ గుజ్జు (కాస్టిక్, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఉడికించేది) తీస్తున్నాం. ఓవెన్‌లో ఆరిన బరువు లెక్కన 20:80, 40:60, 60:40 పాళ్లు పోల్చి చూడాలి. 40:60 దగ్గరే బండి ఆగిపోయింది.

వివరాలు ఇవి. 15 లీటర్ల రోటరీ డైజెస్టర్ (తిరుగుతూ ఉడికించే పాత్ర), కరెంటు హీటింగ్. ఒక్కో కుక్‌కి 2 కిలోల చిప్స్, వెదురూ జామాయిలూ కలిపే వేస్తున్నాం. యాక్టివ్ ఆల్కలీ (చిప్స్ బరువు మీద కాస్టిక్, సల్ఫైడ్ మొత్తం) 16%, సల్ఫిడిటీ (అందులో సల్ఫైడ్ వాటా) 20%, బాత్ రేషియో (చిప్స్‌కి లిక్కర్, అంటే ఉడికించే ద్రావణం) 1:4. 165 డిగ్రీలకు చేరడానికి గంటన్నర, అక్కడ మరో గంటన్నర. జామాయిల్ చిప్స్ మిల్లు చిప్పర్‌వి. వెదురు సిటీలోని బొంగుల అడ్తి నుంచి తెచ్చి కత్తితో చీల్చి ముక్కలు చేశాం.

0.15 మి.మీ. స్లాట్ స్క్రీన్ మీద రిజెక్ట్స్ (ఉడకని ముక్కలు) 6% దాకా నిలుస్తున్నాయి. కప్పా (గుజ్జులో మిగిలిన లిగ్నిన్, అంటే పీచుల్ని అతికించే పదార్థం, ఎంతో చెప్పే అంకె) ఒకసారి 22, అదే గుజ్జుకు ఇంకోసారి 26. బ్లాక్ లిక్కర్‌లో (ఉడికాక మిగిలే నల్ల ద్రావణం) మిగులు ఆల్కలీ లీటరుకు 2 గ్రాములే. వెదురు ఉన్నా టియర్ (కాగితం చిరగకుండా ఆగే బలం) పెద్దగా పెరగలేదు. గైడ్ గారేమో వెదురు తగ్గించమంటున్నారు. అసలు లోపం పాళ్లలోనే ఉందా?

వైట్_లిక్కర్

పాళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. 40:60 ఏమీ వింత పాళ్లు కాదు. మీరు రాసిన దాంట్లో అనుమానించాల్సినవి రెండు: చిప్స్, ఆల్కలీ.

ముందు ఒక మాట చెప్పండి, ఆ 16% ఏ లెక్కన? సోడియం హైడ్రాక్సైడ్ లెక్కన అయితే సోడియం ఆక్సైడ్‌లో అది 12.4% మాత్రమే (16ని 62తో గుణించి 80తో భాగించాలి). అదే నిజమైతే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

ఆక్సైడ్ లెక్కనే అనుకుని రాస్తున్నా. రిజెక్ట్స్ పారేయకండి. తెల్ల ట్రేలో నీళ్లు పోసి అందులో పరచి చూడండి. ఎర్రటి గోధుమ రంగులో, సన్నగా పొడుగ్గా పుల్లల్లా ఉంటే అవి జామాయిల్ చేవ ముక్కలు. పొట్టిగా బిళ్లల్లా ఉండి, గోరుతో నొక్కినా విడకుండా, పీచు అడ్డదిడ్డంగా అల్లుకుని కనిపిస్తే అవి వెదురు కణుపులు. రెండు కుప్పలు విడదీసి ఆరబెట్టి తూచండి. ఏ కుప్ప బరువెక్కువో తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే రెండింటికీ మందు వేరు.

వెదురు కణుపుల మధ్య భాగంలో నాళాలు నిలువుగా బారుగా ఉంటాయి. చిప్‌కి రెండు కొసలా తెరిచే ఉంటాయి కాబట్టి లిక్కర్ సులువుగా దూరుతుంది. కణుపు దగ్గర ఆ నాళాలు అడ్డం తిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, సాంద్రతా ఎక్కువే. పైగా కత్తితో చీల్చిన ముక్కల మందం మీ చేతిలో లేదు, బొంగు గోడ ఎంత ఉంటే అంతే. సాధనపు వెదురైతే మొదలు దగ్గర దాదాపు గట్టికర్రే. కాబట్టి కణుపుల్ని సుత్తితో నలగ్గొట్టండి, ముక్క పగుళ్లు బారితే చాలు. పొడవు 20-25 మి.మీ., మందం 5 మి.మీ. లోపు ఉంచండి. 8 మి.మీ. దాటిన ముక్క, వెదురైనా జామాయిలైనా, డైజెస్టర్‌లోకి వెళ్లకూడదు. క్రాఫ్ట్‌లో లిక్కర్ లోపలికి ఇంకడాన్ని తేల్చేది పొడవు కాదు, మందం. నలిగిన తుక్కు, రంపపు పొడి కూడా జల్లించి తీసేయండి. అవి ముందే ఉడికిపోయి ఆల్కలీ తినేస్తాయి.

ఇక ఆల్కలీ. వెదురులో పిండి పదార్థం ఉంటుంది. కోసిన ముఖం మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలంగా మారి కనిపిస్తుంది. అది, వేడినీళ్లలో కరిగే మిగతావి, మెత్తటి పేరెంకైమా కణాలు కలిసి కుక్ మొదట్లోనే, ఇంకా 120-130 డిగ్రీలు దాటకముందే, ఆల్కలీలో పెద్ద వాటా లాగేస్తాయి. జామాయిల్ చిప్ నడిమధ్యకి లిక్కర్ చేరేసరికి అందులో బలం ఉండదు. మీకు వచ్చిన 2 గ్రాముల మిగులు చెబుతున్నది ఇదే. కుక్ చివర లీటరుకు 6-8 గ్రాములు (ఆక్సైడ్‌గా) మిగలాలి. మరీ తగ్గితే కరిగిన లిగ్నిన్ తిరిగి పీచు మీదే పేరుకుంటుంది. అలాంటి గుజ్జును ఎంత కడిగినా నలుపు వదలదు.

2 నుంచి 6కి తేవాలంటే ఎంత కలపాలి? 8 లీటర్ల లిక్కర్‌కి తేడా 32 గ్రాములు. 2 కిలోల చిప్స్ మీద 1.6%. కలిపినదాంట్లోనూ కొంత ఖర్చవుతుంది కాబట్టి 18% నుంచి మొదలుపెట్టండి. సల్ఫిడిటీ 22% తీసుకుంటే లెక్క ఇలా వస్తుంది:

మొత్తం యాక్టివ్ ఆల్కలీ 360 గ్రా. అందులో సల్ఫైడ్ వాటా 79.2 గ్రా., అంటే శుద్ధ సోడియం సల్ఫైడ్ 99.6 గ్రా. బజార్లో దొరికే ఫ్లేక్స్ 60% అనుకుంటే 166 గ్రా. మిగిలిన 280.8 గ్రా. కాస్టిక్ వాటా. అది సోడియం హైడ్రాక్సైడ్‌గా 362 గ్రా., 98% పెల్లెట్స్ అయితే 370 గ్రా.

చిప్స్ తూకం: వెదురు తేమ 10%, జామాయిల్ తేమ 12% అయితే 889 గ్రా. వెదురు, 1,364 గ్రా. జామాయిల్. వాటితో పాటు సుమారు 250 మి.లీ. నీళ్లు వచ్చేస్తాయి. 8 లీటర్లలోంచి అది తీసేసి 7.75 లీటర్లకే లిక్కర్ కలపాలి.

సల్ఫైడ్ ఫ్లేక్స్ గాలి తగిలితే నీరు కారుతూ బలం తగ్గిపోతాయి. మూత తీసిన డబ్బాలోంచి తూచి వేస్తే సల్ఫిడిటీ 22 అని మీరు అనుకోవడమే. కలిపిన లిక్కర్‌ని ప్రతిసారీ టైట్రేట్ చేసి తర్వాతే పోయండి.

కప్పా_మేస్త్రి

పైన చెప్పింది నిజమే. కప్పా 22, 26 అన్నది మాత్రం కుక్ గొడవ ఒక్కటే కాకపోవచ్చు, పరీక్షలోనే తేడా రావచ్చు.

కప్పా ఎప్పుడూ స్క్రీన్ దాటిన గుజ్జుకే తీయాలి. ఉడకని పుల్ల ఒక్కటి పడినా అంకె ఎగిరిపోతుంది. గుజ్జు తూకం కూడా మీ ఇష్టం కాదు: పరీక్షలో గుజ్జు మీద పోసే పర్మాంగనేట్‌లో సుమారు సగం ఖర్చయ్యేలా ఉండాలి. 0.1 నార్మల్ 100 మి.లీ. పద్ధతిలో కప్పా 20 వస్తుందనుకుంటే ఆరిన గుజ్జు 2.5 గ్రాములు. ఖర్చు 30% కన్నా తగ్గినా 70% దాటినా ఆ రీడింగ్ వదిలేసి తూకం మార్చి మళ్లీ చేయండి.

అందరూ మరిచేది ఉష్ణోగ్రత. పరీక్షకు 25 డిగ్రీలు, 10 నిమిషాలు. మే నెలలో మన దగ్గర ట్యాంకు నీళ్లతో చేస్తే బీకరు 33 డిగ్రీల మీదే ఉంటుంది. దిద్దుబాటు ఏంటంటే 25 నుంచి ఎంత తేడా ఉందో ఆ ఒక్కో డిగ్రీకి 1.3%. 33 దగ్గర 26 వచ్చిందంటే అసలు కప్పా 23 చిల్లర. పొద్దున ఏసీలో ఒకటి, మధ్యాహ్నం కరెంటు పోయాక ఒకటి చేస్తే మీరు చెప్పిన తేడాలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది. బీకరులో థర్మామీటరు పెట్టి, 5 నిమిషాలప్పుడు చూసిన ఉష్ణోగ్రత రాసుకోండి.

నీళ్ల సంగతి కూడా. బోరు నీళ్లతో గుజ్జు కడుగుతుంటే మానేయండి. ఉప్పల్, నాచారం వైపు బోర్లలో కాఠిన్యం ఎక్కువ. క్యాల్షియం గుజ్జులో చేరి బూడిద లెక్కా పాడవుతుంది. మొదటి కడుగులకు మంజీరా (కుళాయి) నీళ్లు చాలు, చివరి కడుగుకీ పరీక్షకీ డీమినరలైజ్డ్ నీళ్లే.

ఇంకోటి. జామాయిల్ గుజ్జులో హెక్సెన్‌యూరానిక్ ఆమ్లం ఉంటుంది. లిగ్నిన్ కాకపోయినా అదీ పర్మాంగనేట్‌ను తింటుంది. రెండు గుజ్జుల కప్పా ఒకటే వచ్చినంత మాత్రాన లిగ్నిన్ ఒకటే అని రిపోర్టులో రాయకండి, వైవాలో పట్టుకుంటారు.

ఉప్పల్_పల్ప్

సోడియం ఆక్సైడ్ లెక్కనే సార్. రిజెక్ట్స్ ట్రేలో వేసి చూశాం, మూడొంతుల్లో రెండొంతులు కణుపు బిళ్లలే. మిగతావి జామాయిల్ పుల్లలు.

రెండు సందేహాలు. విడివిడిగా ఉడికించి తర్వాత గుజ్జులు కలిపితే ఇంతకన్నా మేలా? వెదురులో సిలికా వల్ల ల్యాబులో కూడా ఇబ్బందేనా, లేక అది మిల్లు తలనొప్పేనా?

కాగజ్‌నగర్_బండి

ల్యాబులో ఏది మేలు అంటే విడివిడిగానే. మిల్లులో మాత్రం చాలాచోట్ల చిప్స్ దగ్గరే కలుపుతారు. రెండు లైన్లు, రెండు రకాల లిక్కర్ ఛార్జీలు, రెండు బ్లో ట్యాంకులు (ఉడికిన గుజ్జు దింపేవి) నడపడం ఎవరికీ ఇష్టముండదు. 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు లాంటివి వెదురు అడవుల్ని చూసుకునే వచ్చాయి. అడవి వెదురు చాలక జామాయిల్, సుబాబుల్, సరుగుడు రైతుల పొలాల నుంచి వచ్చిపడ్డాక వెదురు మిశ్రమంలో ఒక భాగంగా మిగిలింది.

మిల్లుని ఇబ్బంది పెట్టేది పాళ్లు కాదు, పాళ్లు గంటకోలా మారడం. వానాకాలంలో అడవిలో నరుకుడు ఆగుతుంది, యార్డులో పాతబడ్డ వెదురు ఎండిపోయి పుచ్చు పట్టి ఉంటుంది. వెదురు చిప్స్, కర్ర చిప్స్ ఒకే ఘనపరిమాణానికి ఒకే బరువు తూగవు. బెల్టు మీద ఘనపరిమాణం చూసి కలిపితే పాళ్లు తప్పుతాయి. తేమ తీసి ఆరిన బరువు మీదే కలపాలి. కలిపాక కూడా సైలోలో కిందికి జారేటప్పుడు రకాలు వేరుపడిపోతాయి. మీ చిన్న డైజెస్టర్‌లో ఆ బాధ లేదు, అది తిరుగుతూనే ఉంటుంది.

మీ ప్రాజెక్టు మిల్లుకు పనికి రావాలంటే కలిపి ఉడికించిన వరస ఒకటి, విడిగా ఉడికించి కలిపిన వరస ఒకటి, రెండూ చేయండి. విడిగా చేసేటప్పుడు రెండింటినీ ఒకే కప్పాకి, 20 అనుకోండి, తేవాలి. ఒకే ఆల్కలీ, ఒకే టైం పెడితే పోలికకి అర్థం లేదు. వెదురుకి 16.5%, జామాయిల్‌కి 17.5% నుంచి మొదలుపెట్టి కప్పా చూసుకుంటూ సర్దుకోండి.

ఒక మెలిక ఉంది. చిప్స్‌లో 40:60 అంటే గుజ్జులో 40:60 కాదు. వెదురు యీల్డ్ (చిప్స్‌లో గుజ్జుగా వచ్చే శాతం) 45%, జామాయిల్ 48% అనుకుంటే గుజ్జులో వెదురు వాటా 38.5%కి దిగుతుంది. రెండు వరసల్నీ గుజ్జు పాళ్ల మీదే పోల్చండి.

సిలికా విషయం. వెదురు బూడిదలో ఎక్కువ భాగం అదే, చాలావరకు బొంగు పైపొరలో ఉంటుంది. కుక్‌లో ఆల్కలీతో కలిసి సోడియం సిలికేటై బ్లాక్ లిక్కర్‌లోకి వెళ్తుంది. మిల్లులో లిక్కర్‌ని చిక్కబరిచేటప్పుడు ఎవాపరేటర్ గొట్టాల్లో గాజులాంటి పొర కడుతుంది. అది మామూలు నీటి జెట్‌కి ఊడి రాదు. ఆ తర్వాత కాస్టిసైజింగ్‌లో (సున్నంతో మళ్లీ కాస్టిక్ తయారుచేసే దశ) సున్నంతో కలిసి క్యాల్షియం సిలికేట్ అవుతుంది. బురద సరిగా తేరుకోదు, దాన్ని బట్టీలో మళ్లీ కాల్చి వాడుకుంటూ పోతే సిలికా చుట్టూ తిరిగి పెరుగుతూనే ఉంటుంది. అందుకే వెదురు ఎక్కువ వాడే మిల్లులు సున్నపు బురదలో కొంతో మొత్తమో బయటికి తీసేయాలి. పొగగొట్టం వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌తో లిక్కర్ పీహెచ్‌ని 10 చుట్టుపక్కలకి దించితే సిలికా విడిపోతుంది. మరీ దించితే దాంతో పాటు లిగ్నిన్ కూడా దిగి ఫిల్టర్లు జామ్ అవుతాయి.

ల్యాబులో మీకు దెబ్బేమీ లేదు. కానీ మీ మూడు పాళ్ల బ్లాక్ లిక్కర్లలో సిలికా కొలిచి రిపోర్టులో పెడితే అది మంచి ముక్క. ఏ పాళ్ల దాకా వెళ్లొచ్చో మిల్లులో తేల్చేది చాలాసార్లు అదే, టియర్ కాదు. బొంగుకి అంటిన మట్టిని ముందే కడిగేయండి, లేకపోతే ఉప్పల్ ఇసుకని వెదురు ఖాతాలో రాసినట్టవుతుంది.

అడ్తి వెదురు అన్నారు కాబట్టి, పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం ఎక్కించిన బొంగులు కాదని అడిగి తెలుసుకోండి. ఫర్నిచర్ కోసం తెచ్చేవి అలాంటివే ఉంటాయి. వయసు రెండేళ్లు దాటిన బొంగులు తీసుకోండి.

వైట్_లిక్కర్

దీనికి రెండు చేర్పులు. చిప్స్‌ని లిక్కర్ పోయకముందు 10-15 నిమిషాలు ఆవిరి పట్టండి. వెదురు గొట్టాల్లో గాలి చాలా ఉంటుంది, గాలి పోకుండా లిక్కర్ లోపలికి రాదు. వేడి పెంచేటప్పుడు 115 డిగ్రీల దగ్గర అరగంట ఆపండి. జామాయిల్ పుల్లలు దానితోనే చాలా తగ్గుతాయి. ఆవిరి నీళ్లు చిప్స్‌లో చేరతాయి కదా, బాత్ లెక్కలో కలుపుకోండి.

థర్మోకపుల్‌ని (ఉష్ణోగ్రత మీటర్ని) సరిచూడండి. 165 దగ్గర హెచ్-ఫ్యాక్టర్ (వేడి, టైం కలిపి ఎంత ఉడికిందో చెప్పే అంకె) గంటకు 610 చొప్పున పెరుగుతుంది, 170 దగ్గర 925 చొప్పున, 160 దగ్గర 400 చొప్పున. మీటరు 5 డిగ్రీలు అబద్ధం చెబితే కుక్ మూడోవంతు తగ్గిపోతుంది లేదా సగం పెరుగుతుంది. 165కి గేజ్ ప్రెషర్ సుమారు 6 బార్ ఉండాలి. గాలి సరిగా వదిలాక కూడా ప్రెషర్‌కీ మీటరుకీ పొత్తు కుదరకపోతే మీటర్ని అనుమానించండి.

జల్లెడ_200

టియర్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

వెదురు పీచు సగటున 1.5 నుంచి 2.5 మి.మీ., జామాయిల్ పీచు 0.7-0.9 మి.మీ. టియర్ పెరగాల్సిందే. పెరగలేదంటే సాధారణంగా బీటింగ్ (గుజ్జు పీచుని యంత్రంలో నలగ్గొట్టడం) తప్పు. రెండు గుజ్జులూ కలిపి పీఎఫ్‌ఐ మిల్లులో (ల్యాబు బీటరు) ఒకే రివల్యూషన్లు కొడితే ఒకటి సరిపడా నలుగుతుంది, ఇంకోటి నలగదు లేదా తెగిపోతుంది. వెదురు పీచు గోడ మందం, పొరలు పొరలుగా ఉంటుంది. లేత దెబ్బలకు పైపొర నూగులా లేస్తుంది, గట్టి దెబ్బలకు చితికి తుంపులవుతుంది. దీనికి తోడు పేరెంకైమా తుక్కు వల్ల ఫ్రీనెస్ (గుజ్జులోంచి నీళ్లు జారే వేగం, దాని కొలతే సీఎస్‌ఎఫ్) త్వరగా పడిపోతుంది. మీరు సీఎస్‌ఎఫ్ అంకె చూసి బాగా నలిగింది అనుకుంటారు, నిజానికి పీచు నలగనే లేదు, నీళ్లను ఆపుతున్నది ఆ తుక్కే.

తేల్చుకోవడానికి దారి ఉంది. బీటింగ్‌కి ముందే కొంత గుజ్జుని 200 మెష్ మీద కడిగి, జారిపోయింది ఎంతో తూచండి. కడిగినదానికీ కడగనిదానికీ ఫ్రీనెస్ తీసి పోల్చండి. ఆ తేడా పెద్దదైతే సంగతి తేలిపోయినట్టే.

తర్వాత వెదురుని ఒకటి, జామాయిల్‌ని ఒకటి విడిగా 0, 1000, 2000, 3000, 4500 రివల్యూషన్ల దగ్గర కొట్టి, 60 జీఎస్‌ఎం హ్యాండ్‌షీట్లు తీయండి. టియర్‌ని రివల్యూషన్లతో కాకుండా టెన్సైల్ ఇండెక్స్‌తో (లాగితే తెగకుండా ఆగే బలం) గీయండి. ఒకే టెన్సైల్ దగ్గర ఏ మిశ్రమానికి టియర్ ఎక్కువో అదే అసలు పోలిక. షీట్లు 23 డిగ్రీలు, 50% తేమలో ఆరబెట్టారా, 27 డిగ్రీలు, 65% తేమలోనా అన్నది రాయాలి. మన దగ్గర రెండూ వాడకంలో ఉన్నాయి, అంకెలు ఒకటి కావు.

ప్రింటింగ్ కాగితం గురించి రాస్తుంటే జామాయిల్ నాళాల ముక్కలు ఆఫ్‌సెట్ బ్లాంకెట్‌కి అంటుకుని లేచిపోయే సంగతి వదలొద్దు. వెదురులోనూ పెద్ద నాళాలున్నాయి, కాబట్టి వెదురు పెంచితే ఆ బెడద తీరుతుందనుకోకండి. వెదురు ఇచ్చేది తడి షీటుకి బలం, మెషీన్ మీద తెగకుండా నడవడం. నునుపు, అపారదర్శకత జామాయిల్ వైపే.

కప్పా_మేస్త్రి

జాగ్రత్త ఒకటి, ఇది చదవకుండా ఎవరూ కుక్ మొదలుపెట్టకూడదు. బ్లాక్ లిక్కర్‌ని "న్యూట్రలైజ్" చేద్దామని యాసిడ్ పోయకండి. అందులో సల్ఫైడ్ ఉంది, పీహెచ్ దిగగానే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఎక్కువ మోతాదులో అది ముక్కుని మొద్దుబారుస్తుంది, వాసన పోయింది అనుకునే క్షణమే ప్రమాదం. ప్లాస్టిక్ క్యాన్లలో నింపి, పేరు రాసి, జీడిమెట్ల లాంటి చోట్ల ఉన్న కామన్ ఎఫ్లుయెంట్ ప్లాంటుకి కాలేజీ తరఫున మాట్లాడి పంపాలి. డైజెస్టర్ గ్యాసు వదిలేటప్పుడు గొట్టాన్ని కాస్టిక్ ద్రావణంలోకి ముంచి వదలండి, అదీ ఫ్యూమ్ హుడ్ కింద. మెర్కాప్టన్ (కుక్‌లో పుట్టే గంధకపు వాయువు) వాసన ఎంత కొంచెమైనా పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు పరుగెత్తుకొస్తారు.

ఉప్పల్_పల్ప్

ఈ వాసన గోల లేకుండా సోడా-ఆంత్రాక్వినోన్‌కి (సల్ఫైడ్ లేకుండా కాస్టిక్‌తో, కొద్దిగా ఆంత్రాక్వినోన్ వేసి ఉడికించే పద్ధతి) మారిపోతే? ఇప్పటిదాకా వచ్చిన క్రాఫ్ట్ ఫలితాలతో కలిపి చూపించొచ్చా?

వైట్_లిక్కర్

మారొచ్చు, కలిపి చూపించకూడదు. మారితే మూడు పాళ్లూ మొదటి నుంచి అదే పద్ధతిలో చేయాలి. మిల్లు కోసం అయితే క్రాఫ్ట్ మీదే ఉండండి, వాళ్ల రికవరీ (బ్లాక్ లిక్కర్ నుంచి రసాయనాలు తిరిగి రాబట్టడం) అంతా దాని మీదే నడుస్తుంది. మారాలనుకుంటే ఆరిన చిప్స్ మీద ఆంత్రాక్వినోన్ 0.05 నుంచి 0.1%, అంటే 2 కిలోలకి 1-2 గ్రాములు. అది నీళ్లలో కరగదు, లిక్కర్‌లో వేస్తే పైన తెట్టులా తేలి డైజెస్టర్ గోడకి అంటుకుంటుంది. మెత్తగా నూరి, చుక్క వెట్టింగ్ ఏజెంట్‌తో కొద్ది నీళ్లలో చెదరగొట్టి, ముందు చిప్స్ మీద చల్లి కలియబెట్టండి, లిక్కర్ ఆ తర్వాత పోయండి.